నడిరోడ్డు సముద్రం

గంటసేపు వాన పడితే చాలు, అనంతపురం రోడ్లు చెరువులవుతున్నాయని గిట్టనివాళ్లు గోల చేస్తున్నారు. ఆ గోలలో నాకు కృతఘ్నత తప్ప ఇంకేమీ వినబడటం లేదు. ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటున 552 మిల్లీమీటర్ల వాన, అందులోనూ పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది రెండోదని బడిలో బట్టీ పట్టి పెరిగాం. అలాంటి సీమలో పడిన నీటిచుక్కను పడినచోటే కట్టిపడేస్తున్నవాళ్లను సన్మానించాల్సింది పోయి నిర్లక్ష్యం అంటారా?

విజయనగర రాజు బుక్కరాయల కాలంలో మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరు వాగును ఆపి ఇక్కడ చెరువులు కట్టించాడని చెబుతారు. ఎంతమంది కూలీలు, ఎన్ని ఎద్దుబండ్లు, ఎంత రాయి! అంత చేసినా బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ అనే ఇల్లాలు ప్రాణం ఇచ్చి నిలబెట్టిందని ఇప్పటికీ కథ చెప్పుకుంటాం. మనవాళ్లు ఇంత రభస లేకుండా, కట్టే లేకుండా చెరువు కట్టే విద్య కనిపెట్టారు. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త తారు పరవాలి. పక్కన కాలువను రోడ్డు కన్నా ఎత్తులో కట్టాలి. మిగతాది ప్రజలే చూసుకుంటారు. పాల ప్యాకెట్లు, టీ కప్పులు, కొబ్బరి బోండాలు, పాత పరుపు ఒకటి. పిలవకుండానే తెచ్చి కాలువలో వేస్తారు. శ్రమదానమంటే ఇదీ.

చెరువన్నాక తూము ఉండాలి. ఉంది, దాన్ని కల్వర్టు అంటున్నాం. అందులో ఒక తాగునీటి పైపు, రెండు మూడు కేబుళ్లు అడ్డంగా దూర్చారు కాబట్టి తలుపు దించే నీరుగంటి అవసరం లేకుండా తనంతట తానే మూసుకుంటుంది. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మరవ కూడా ఉంది. అది పాత ఇళ్ల గడప. ఒకప్పుడు మెట్లెక్కి ఇంట్లోకి పోయినవాళ్లు ఇప్పుడు మెట్లు దిగి పోతున్నారు. ఇల్లు కుంగలేదు, రోడ్డు ఎదిగింది. ఓట్లప్పుడు రోడ్డు కావాలని అడిగింది మనమే కదా, ఎంత ఎత్తు కావాలో అప్పుడే చెప్పి ఉండాల్సింది.

పూడికతీత గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంత గొప్ప ఏర్పాటు ఇంకెక్కడా చూడం. ఎండాకాలంలో కాలువ ఎండి, లోపల పూడిక గట్టిపడి, ఎత్తడానికి వీలుగా ఉంటుంది. అందుకే అప్పుడు అంచనాలు వేస్తారు. ఫైలు పైకి పోయి, కిందికి దిగి, టెండరు ఖరారయ్యేసరికి ఆకాశంలో మబ్బులు కూడా ఖరారవుతాయి. అప్పుడు హడావుడిగా తీసిన పూడికను కాలువ పక్కనే కుప్ప పోస్తారు. తడిగా ఎత్తితే ట్రాక్టరు నుంచి రోడ్డంతా కారుతుందని, ఆరనివ్వాలని కారణం చెబుతారు. సహేతుకమైన కారణమే. అది ఆరేలోపు వాన వస్తుంది, కుప్ప మళ్లీ కాలువలోకి పోతుంది. అదే బురద, అదే కాలువ, ఏడాదికో కొత్త బిల్లు. మా వీధిలో కాలువ తీస్తున్న ఒకతన్ని అడిగాను, ఇది ఎత్తుకుపోరా అని. "తీయమన్నారు సార్, ఎత్తుకపొమ్మని ఎవురూ చెప్పల్యా" అన్నాడు. చేతులకు గ్లౌజులు లేవు, మోకాలి దాకా మురుగులో నిలబడి ఉన్నాడు. అతన్ని ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. అడగాల్సినవాళ్లు ఏసీ గదిలో ఉన్నారు, అక్కడికి మురుగు వాసన రాదు.

కరెంటోళ్ల సహకారం కూడా మరువరానిది. తొలి చినుకుకే సరఫరా ఆపేస్తారు. చీకట్లో నీళ్ల లోతు కనబడదు కాబట్టి జనానికి టెన్షన్ ఉండదు.

ఇక నడిమివంక. ఊరి మధ్యలోంచి పోయే ఈ వంక 2022 అక్టోబరులో పొంగి కాలనీల్లోకి వచ్చింది. 2024 అక్టోబరులో ఆ పని పండమేరు చేసింది. ఇళ్లలోకి వంక వచ్చిందా, వంకలోకి ఇళ్లు వచ్చాయా అన్న చర్చ అప్పటి నుంచీ నడుస్తోంది. నీళ్లున్న రోజున అందరూ బాధితులు, నీళ్లు తీసిన మరుసటి రోజున అందరూ ఆక్రమణదారులు. ఆ ఇంటికి డోర్ నంబరు ఒకరిచ్చారు, మీటరు ఇంకొకరు బిగించారు, ఇంటిపన్ను ఏటా వసూలు చేసుకున్నారు, కొళాయి కనెక్షన్ కూడా ఇచ్చారు. ఇన్ని చేతులు అంత దగ్గరికి వెళ్లినా పక్కన వంక ఉందని ఒక్కరికీ కనబడలేదు. ఎండాకాలంలో మన వంకలు నిజంగానే కనబడవు లెండి, ముళ్లకంపలే కనబడతాయి. పెద్దపెద్ద స్థలాలు కలుపుకున్నవాళ్లకు ప్రహరీ గోడలుంటాయి, అవి ఏ కాలంలోనూ కనబడవు.

వంక ఎవరిదని మాత్రం అడగకండి. ఊరి బయట ఉన్నంతసేపు జలవనరుల శాఖది. ఊర్లోకి రాగానే కార్పొరేషన్‌ది. పక్కన జరిగిన ఆక్రమణ రెవెన్యూవాళ్లది. పైన వంతెన రోడ్లు భవనాల శాఖది కావచ్చు, హైవే వాళ్లది కావచ్చు. నీళ్లు మాత్రం కింది ఇంట్లో ఉన్న ముసలావిడవి. ఆమె చేటతో ఎత్తిపోసుకుంటుంది, ఏ శాఖకూ లేఖ రాయదు.

ఇంత నీటి వనరు వృథా కాకూడదని నాదొక ప్రతిపాదన. చెరువుల్లో చేపపిల్లలు వదిలే కార్యక్రమం ఎలాగూ ఉంది. ఈ ఏడు సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక బుట్టెడు వదిలి చూడండి. అవి అరచేయంత పెరగనీయండి. వేలంపాట పెట్టే రోజున వంక మాది కాదన్న శాఖలన్నీ పాత మ్యాపులు దులుపుకుని వస్తాయి. అప్పుడు సరిహద్దులు అంగుళాలతో సహా తేలిపోతాయి.