రెండు లక్షల రూపాయల బైనాక్యులర్స్ కోరింగలో ఎంత చూపిస్తాయి?

బైనాక్యులర్స్ ధరల గురించి నెట్‌లో దొరికే పోలికలు చాలావరకు వేటగాళ్ల కోసం రాసినవి. యూరప్, అమెరికాల్లో జింకల వేట ఎక్కువగా తెల్లవారుజామున, మునిమాపు వేళ సాగుతుంది. తుపాకీ పేల్చే ముందు ఎదురుగా ఉన్నది మగదో ఆడదో ఆ మసక వెలుతురులోనే తేల్చుకోవాలి. ఆ చివరి కొద్ది నిమిషాల చూపు కోసమే అక్కడివాళ్లు స్వరోవ్‌స్కీ, జైస్, లైకా కంపెనీలకు లక్షలు పోస్తారు.

మనకు ఆ అవసరం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కాకినాడ పక్కన, గోదావరి డెల్టాలోని కోరింగ మడ అడవుల అభయారణ్యానికి వెళ్లేవాళ్లు పట్టపగలే చూసి, సాయంత్రానికి బయటికొచ్చేస్తారు. అయినా కొనేటప్పుడు మాత్రం వేటగాళ్ల కొలతలే పట్టుకుంటున్నాం. నా అభ్యంతరం అక్కడే.

డెల్టాలో బైనాక్యులర్ గ్లాసుకు అసలు శత్రువు చీకటి కాదు, చెమ్మ. పదివేల లోపు దొరికే పోరో రకం (ముందు లెన్సులు కంటి లెన్సుల కంటే ఎడంగా ఉండే పాత ఆకారం), ఉదాహరణకు నికాన్ అక్యులాన్, పగటి వెలుతురులో ధరకు మించి చూపిస్తుంది. కానీ అది వాటర్‌ప్రూఫ్ కాదు. ఫోకస్ తిప్పినప్పుడల్లా కళ్ల దగ్గరి గొట్టాలు ముందుకూ వెనక్కూ జరిగి బయటి గాలిని లోపలికి లాగుతాయి. ఉప్పుగాలి, వానాకాలపు తేమ కలిస్తే లెన్స్ లోపల బూజు పడుతుంది. దాన్ని విప్పి శుభ్రం చేసేవాళ్లు దొరకడం కష్టం. కొన్నవాళ్లు సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో దాచుకోవాల్సిందే.

పాతిక, ముప్పై వేల దగ్గర సంగతి మారిపోతుంది. నికాన్ మోనార్క్ ఎం5 లాంటి వాటిలో నైట్రోజన్ నింపి సీల్ చేస్తారు కాబట్టి లోపల ఆవిరి పట్టదు. రంగులు చెదరడాన్ని తగ్గించే ఈడీ గ్లాసు వల్ల తెల్లకొంగ అంచున ఊదారంగు గీత బాగా తగ్గుతుంది. డెల్టావాళ్లు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే, ఆగాల్సిందీ ఇక్కడే అంటాను. ఆపైన పెట్టే ప్రతి పదివేలకూ కంటికి తెలిసే తేడా తగ్గుతూ పోతుంది. మధ్యాహ్నం బురదమేటల మీద ఎండమావిలా గాలి ఊగుతుంటే, దూరాన మేసే ఉల్లంకి పిట్టలు రెండు లక్షల గ్లాసులోనూ అలుక్కుపోయే కనిపిస్తాయి. చేపలు పట్టే బావురు పిల్లి కోసం చీకటి పడేవేళ కాపు కాసే పరిశోధకులకైతే ఖరీదైన గ్లాసు నిజంగా పనికొస్తుంది.

ఇక నంబర్లు. 8x42 అంటే ఎనిమిది రెట్లు, ముందు లెన్స్ 42 మిల్లీమీటర్లు. 42ను 8తో భాగిస్తే 5.25; కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు అన్ని మిల్లీమీటర్లన్నమాట. 10x42లో అది 4.2, అంటే మసక వెలుతురులో బొమ్మ కాస్త చీకటిగా ఉంటుంది. పైగా పడవలో పది రెట్లతో చూస్తే చేతి వణుకు కూడా పదింతలవుతుంది. మడ అడవుల కాలువల్లో తిరిగేవాళ్లకు ఎనిమిదే మేలు. పదిహేను వందలకు ‘వంద రెట్లు’ అంటూ అమ్మే ఎర్ర లెన్సుల జోలికి అసలు పోవద్దు.

షాపులో అయితే చెయ్యి చాచి, గ్లాసును ఆకాశం వైపు పెట్టి కంటి లెన్సుల్లోకి చూడండి. వెలుగు చుక్క గుండ్రంగా ఉంటే మంచి ప్రిజం. అంచులు కోసినట్టు పలకగా ఉంటే నాసిరకం. కళ్లద్దాలున్నవాళ్లు ఐ రిలీఫ్ (బొమ్మ పూర్తిగా కనిపించేలా కంటికీ లెన్సుకూ మధ్య ఉండగల దూరం) కనీసం 15 మిల్లీమీటర్లు ఉందో లేదో అడగాలి.

ఒక స్వరోవ్‌స్కీకి పెట్టే రెండు లక్షలకు పాతిక వేలవి ఎనిమిది వస్తాయి. ఏ దాతకైనా మనసుంటే, ఆ ఎనిమిదీ తాళ్లరేవు మండలంలోని బడులకు ఇవ్వమని అడుగుతాను. మడ అడవి పక్కనే పెరిగే పిల్లలు అక్కడి పిట్టలను దగ్గరగా చూడాలి.