గాలిపటం ఎగరేసినప్పుడు చూశాను

కీళ్లవాతం ఉన్న పిల్లలకి వీఆర్ కళ్లద్దాలు (కళ్లముందు నిజంలా తోచే బొమ్మల లోకం చూపించేవి) పెట్టి, ఆటలాడిస్తూ ఫిజియోథెరపీ, అంటే వ్యాయామ చికిత్స, చేయించడం గురించి మీ వ్యాసంలో చక్కగా రాశారండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా పాపకి 12 ఏళ్లు. "ఎదిగే పిల్ల, నొప్పులు మామూలే" అని ఒక డాక్టరుగారు అనేసరికి నాలుగు నెలలు పోయాయి. తీరా అది జువనైల్ ఇడియోపథిక్ ఆర్థరైటిస్ అని తేలింది. 16 ఏళ్లలోపు మొదలై, 6 వారాలు దాటినా తగ్గని కీళ్లవాపు.

పొద్దున్నే కుళాయి తిప్పలేకపోయేదండి. వేణ్ణీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చుంటే అరగంటకి గానీ వేళ్లు ముడవలేకపోయేది. మణికట్టు పదిసార్లు వంచమంటే నాలుగోసారికే కళ్లనీళ్లు. అదే పిల్ల సంక్రాంతికి గాలిపటం దారం లాగుతూ ఆ చేతినే ఎంతసేపు తిప్పిందో! మనసు ఆటలో పడితే నొప్పి మీద ధ్యాస తగ్గుతుందన్నది నేను కళ్లారా చూశాను.

కాకపోతే ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో ఫిజియోథెరపిస్టే చెప్పాలి. వాపున్న రోజున ఆట జోరులో ఎక్కువ చేస్తే మర్నాడు మంచం దిగదు. ఫిజియోథెరపీ కోసం మేం కాకినాడ వెళ్లాలి, ఆ రోజు బడి పోయినట్టే. ఆ కళ్లద్దాలేవో మాలాంటి ఊళ్ల దగ్గరి ఆసుపత్రులకీ రావాలండి, నేర్పే మనిషితో సహా.

ఇంకోమాట. ఈ జబ్బులో ఎరుపూ నొప్పీ లేకుండానే కంటి లోపల వాపు రావచ్చు. స్లిట్ ల్యాంప్ పరీక్ష (సన్నటి వెలుగు వేసి, కంటిని పెద్దదిగా చేసి చూసే పరీక్ష) మాత్రం మానకండి.