కంచల్లో కాలిబాటలు మిగలాలి

తొలకరి పడిన మర్నాడు ఊరి అంచున ఉన్న కంచలోకి నడిస్తే తడిసిన ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. మఖమలు గుడ్డలోంచి తుంచి పడేసినట్టుండే ఆ ఎర్రని జీవిని అరచేతిలోకి తీసుకుంటే ముందు కాళ్లు ముడుచుకుంటుంది. మళ్లీ కాళ్లు విప్పి వేళ్ల మధ్యకు నడిచేదాకా ఊపిరి బిగబట్టి చూడటం నలభై దాటిన చాలామంది తెలుగువారికి గుర్తున్న బాల్యం. ఇవాళ నగరంలో పెరుగుతున్న పదేళ్ల పిల్లల్లో దాన్ని చూసినవారు ఎందరు? వాన అప్పటిలాగే పడుతోంది. పిల్లలకు ఆ మట్టిదాకా వెళ్లే దారి మాత్రం లేదు.

కంచ అన్నది పాత మాట. పశువుల మేతకు విడిచిన గడ్డినేల, రాళ్ల గుట్టలు, మధ్యమధ్య తుమ్మ, చండ్ర, సీతాఫలం, బలుసు, పరికి, రేగు పొదలు: ఇవన్నీ కలిస్తే కంచ. కీకారణ్యమని అనలేం, సాగుభూమి అనీ అనలేం. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల పేర్లలో ఇంకా బతికి ఉన్న ఈ మాట 2025లో దేశమంతా వినబడింది. ఆ మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో యంత్రాలు దిగి చెట్లను కూల్చడం మొదలుపెట్టాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా జోక్యం చేసుకుని ఆ పని ఆపించింది. ఆ నేల కోసం ముందుగా అడ్డం నిలిచినవారు పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు. ఆ పొదలు, నెమళ్లు, పుట్టగొడుగు ఆకారంలో నిలబడ్డ బండరాయి వారు తిరిగే దారిలోవి. ఏది పోతోందో వారికి కళ్లకు కట్టినట్టు తెలుసు.

జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం అనుభవమూ ఇదే. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఆ 390 ఎకరాల పొదల అడవి చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదన 2016లో వచ్చింది. అప్పుడు వీధికెక్కినవారిలో పొద్దున్నే అక్కడ నడిచేవారు ఉన్నారు. అయినా 2020లో ఆ ఉద్యానం వెలుపల ఉండాల్సిన పర్యావరణ రక్షిత మండలం కొన్నిచోట్ల 3 మీటర్లకు కుదించుకుపోయింది. నడకకు వచ్చేవారు అన్నింటినీ ఆపలేరు. కానీ జనం అడుగుపెట్టని చోట గుట్ట పిండయినా, చెరువు పూడినా, రాత్రికి రాత్రి ప్రహరీ లేచినా అడిగే నాథుడు ఉండడు. అందుకే పట్టణాల అంచున మిగిలిన ప్రతి అడవిలో, ప్రతి కంచలో మామూలు మనుషులు సులువుగా నడవగల మట్టిబాటలు ఉండాలని ఈ పత్రిక కోరుతోంది.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని మేము అనడం లేదు. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారంలో భాగంగా పట్టణాల పక్కన అటవీ పార్కులు తెరిచారు. కేంద్రం 2020లో నగర వనాల పథకం తెచ్చింది. అడవి భూమిలో కొంత ప్రజల నడకకు, తక్కినది సంరక్షణకు అన్న ఆలోచన మంచిదే. బాధంతా అమలులోనే. ముందు పెద్ద తోరణం లేస్తుంది. తరువాత ముళ్లపొదలు పీకి పచ్చిక పరుస్తారు. బాటకు సిమెంటు పలకలు వేస్తారు. ఫొటోలు దిగేందుకు రంగుల అక్షరాలు, వ్యాయామ పరికరాలు, సిమెంటు జింకలు వస్తాయి. నిజమైన జింక మేసే గడ్డి మాత్రం ఉండదు. చైత్ర, వైశాఖాల్లో ఆ సిమెంటు పలకలు పెనంలా కాలతాయి, వానాకాలంలో నీటిని నేలలోకి దిగనివ్వవు. ఒక పార్కు కట్టడానికి అయ్యే ఖర్చుతో పది మట్టిబాటలు వేసి, ఏళ్ల తరబడి బాగుచేసుకోవచ్చు.

మంచి కాలిబాటకు కావలసింది తక్కువే. ఇద్దరు పక్కపక్కన నడవగల వెడల్పు చాలు. వాలున్న చోట వాన నీరు బాటను కోసెయ్యకుండా అడ్డంగా, కాస్త ఏటవాలుగా రాళ్లు పాతి నీటిని పక్కకు మళ్లించాలి. పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవారు వెళ్లి రాగలిగేలా ఒక రెండు కిలోమీటర్ల చుట్టు దారి, ఓపిక ఉన్నవారికి నాలుగు కిలోమీటర్లది ఉండాలి. మొదటి అరకిలోమీటరైనా చక్రాల కుర్చీ కదిలేలా మొరం పోసి గట్టిగా దిమ్మిస వేయాలి. దారి చీలిన ప్రతిచోటా రాయి మీద బాణం గుర్తు, ఎంత దూరం వచ్చామో, ఇంకెంత ఉందో తెలుగులో రాసి పెట్టాలి. చెట్ల పేర్లు కూడా మనకు తెలిసిన మాటల్లోనే రాయాలి. శాస్త్రీయ నామం ఒక్కటే రాసి ఉన్న బోర్డు ముందు నిలబడిన అమ్మమ్మకు అది తను చిన్నప్పుడు పళ్లు కోసుకు తిన్న బలుసు అని ఎలా తెలుస్తుంది? గేటు దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు, నడిచి చేరగల దూరంలో బస్సు ఆగే చోటు తప్పనిసరి. కారున్నవారికే అందే అడవి ఊరందరిదీ కాలేదు.

ఇలాంటి దారిని నడపడం మనకు చేతకానిదేమీ కాదు. తెలుగువారికి బాగా తెలిసిన అడవి నడక ఒకటుంది. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లెక్కి తిరుమల చేరే దారి శేషాచలం అడవిలోంచే సాగుతుంది. ముసలివాళ్లు, పిల్లలు, చెప్పులు లేని కాళ్లు, గోవింద నామం. నీళ్లు, నీడ, దీపాలు, కూర్చునే అరుగులు అన్నీ ఆ దారిలో సమకూరాయి. అక్కడే 2023 ఆగస్టులో ఆరేళ్ల చిన్నారిని చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ కన్నీరు మరిచిపోలేనిది. ఆ తరువాత పిల్లలను తీసుకెళ్లే వేళలపై ఆంక్షలు పెట్టారు, భక్తులను గుంపులుగా నడవమన్నారు. ఆ పాఠం మిగతా అడవులకూ వర్తిస్తుంది. విశాఖ అంచున సుమారు 70 చదరపు కిలోమీటర్లలో పరుచుకున్న కంబాలకొండ అభయారణ్యంలోనూ చిరుతలున్నాయి. అలాంటిచోట నడక అడవి అంచుకే పరిమితం కావాలి, పొద్దెక్కాక మొదలై పొద్దువాలకముందే ముగియాలి. నడిమి అడవి జంతువులకే ఉండాలి. పాటల పెట్టెలు, ప్లాస్టిక్ సంచులు, కోతులకు బిస్కట్లు గేటు దగ్గరే ఆగిపోవాలి. ఆడవాళ్లు ఒంటరిగా వచ్చినా బెదరకుండా నడవగలగాలంటే బాట మీద స్థానికులను కాపలాదారులుగా నియమించాలి. ఒక్క కెమెరా పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు.

అసలు చిక్కు మన చూపులో ఉంది. కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ దూర సంవేదన కేంద్రం కలిసి తయారుచేసే బంజరు భూముల అట్లాస్‌లో పొదల నేలలకూ చోటుంది. కాగితం మీద బంజరు అని పడ్డ నేలను ఎవరికి, దేనికి ఇచ్చినా తప్పనిపించదు. ఆ బంజరు ఏమిస్తుందో బతుకమ్మ పేర్చే ఆడపడుచులను అడగాలి. తంగేడు, గునుగు ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా పూసేది అక్కడే. ఒకప్పుడు పిల్లలు బుట్టలు పట్టుకుని వెళ్లి కోసుకొచ్చిన ఆ పూలను నగరంలో ఇప్పుడు కట్టల లెక్కన కొనుక్కుంటున్నాం. దసరా నాడు పాలపిట్టను చూడటం శుభమని ఊరి బయటికి నడిచి వెళ్లేవాళ్లం. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన ఆ పాలపిట్టనే పంజరంలో బంధించి డబ్బులకు చూపించేవారు పండగ పూట నగరంలో తిరుగుతున్నారు. ఎగరాల్సిన పిట్టను ఊచల వెనక చూసి దండం పెట్టే స్థితికి మనం వచ్చామంటే, ఆ పిట్ట వాలే కంచలు మనకు ఎంత దూరమయ్యాయో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఇంగ్లండ్‌లో పట్టణాల కార్మికులు 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి, భూయజమానుల కాపలాను ధిక్కరించి నడిచారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో కొండలు, పొదనేలల్లో కాలినడకన తిరిగే హక్కును చట్టం 2000లో ఇచ్చింది. అక్కడి చట్టాన్ని ఇక్కడికి దించుకోమని మేము అనడం లేదు. మన అడవుల్లో చిరుతలున్నాయి, మేకలు తోలుకునే కుటుంబాలున్నాయి, పళ్లు ఏరుకుని బతికేవారున్నారు. నడకదారి పేరుతో వారిని గెంటేస్తే అంతకు మించిన అన్యాయం లేదు. నిజానికి కంచల్లో దారులు వేసిందే వాళ్లు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోని పురపాలక, అటవీ, రెవెన్యూ శాఖలు ముందుగా ఒక పని చేయాలి. ప్రతి పట్టణం చుట్టూ పది కిలోమీటర్ల లోపు మిగిలిన అడవి, కంచ, గుట్టల సర్వే నంబర్లు, విస్తీర్ణం వార్డు కార్యాలయాల గోడల మీద అంటించాలి. వాటిలో దేన్నయినా వేరే అవసరానికి మళ్లించదలిస్తే ముందుగా స్థానికులను అక్కడికి నడిపించి, నేలను చూపించి, వారి మాట విన్నాకే ముందుకు కదలాలి. వచ్చే ఆరుద్ర కార్తెలోపు ఊరికి ఒక్క రెండు కిలోమీటర్ల బాటనైనా తెరవవచ్చు. టెండర్లు, తోరణాలు అక్కర్లేదు. సున్నం బకెట్టు, కొన్ని రాళ్లు, కొడవలి పట్టగల నలుగురు, దారి తెలిసిన ఒక మేకల కాపరి ఉంటే చాలు.