మావయ్య ఇంగ్లీషు, బావ ఓటీపీ

మా పర్లాకిమిడి మావయ్యకు అరవై దాటాక ఇంగ్లీషు మీద మనసు పోయింది. బట్టల కొట్టు నడిపిన మనిషి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సరుకు పంపే సేట్లతో హిందీ, కొండ దిగి వచ్చే సవరలతో సవర భాష. నాలుగు భాషల్లో బేరమాడి ఏ ఒక్కదానిలోనూ నష్టపోలేదని ఊళ్లో పేరు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్నది ఈ ఊళ్లో ఉండగానే కదా. మా ఊరి ఏరు మహేంద్రతనయ నీళ్లు తాగితే భాషలు వాటంతట అవే వస్తాయని మావయ్య సిద్ధాంతం.

ఇంగ్లీషు మాత్రం రాలేదు. అవసరం కూడా పడలేదు, మొన్న ఆరోగ్య బీమా వాళ్లు ఆయన క్లెయిమును తిప్పికొడుతూ మూడు పేజీల ఇంగ్లీషు ఉత్తరం పంపేదాకా.

"తెలుగులో తిడితే వాళ్లకు తగలదమ్మా. వాళ్ల భాషలోనే దెబ్బలాడాలి" అన్నారు. ఫోనులోనే ఉచితంగా నేర్పే యాప్ ఒకటి ఉందని చెప్పాను. అప్పటికప్పుడు కళ్లజోడు తుడుచుకుని, తెల్ల కాగితం, పెన్ను పట్టుకుని తయారయ్యారు.

ముందు ఈమెయిల్ కావాలంది యాప్. ఫోను అమ్మిన కుర్రాడు ఎప్పుడో ఒకటి తయారు చేసి పెట్టాడు, బతికిపోయాం. పాస్‌వర్డ్ అడిగితే మావయ్య ఒకటి ఆలోచించి, వంటింట్లో ఉన్న అత్తకు వినిపించేలా గట్టిగా చెప్పి, క్యాలెండరు మీద రాసుకోమన్నారు. వాకిట్లో తోటకూర అమ్ముతున్న ఆమె కూడా విని, బాగుందంది.

తరువాత, తాను రోబో కానని ఒప్పుకోమంది. "నలభై ఏళ్లు వ్యాపారం చేశాను, ఈ మాట నన్నెవరూ అడగలేదు" అని నొచ్చుకుంటూనే టిక్కు పెట్టారు. అంతటితో వదలకుండా తొమ్మిది బొమ్మలు చూపించి, ఫైర్ హైడ్రెంట్లు ఉన్నవి ఏరమంది. అమెరికాలో నిప్పంటుకుంటే నీళ్లు పట్టడానికి వీధి పక్కన పాతిపెట్టే గొట్టాలు అవి. మా ఊళ్లో నిప్పంటుకుంటే బిందెలు పట్టుకుని పరుగెత్తుతారు.

"ఇది మైలురాయి. రంగు మార్చారు" అన్నారు మావయ్య.

"కాదు, పిల్లలు డబ్బులు దాచుకునే ముంత" అంది అత్త, వంటింట్లోంచి వచ్చి వంగి చూసి.

వాదన తేలేలోగా గడువు అయిపోయింది, కొత్త బొమ్మలు వచ్చాయి. ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. మనిషినీ యంత్రాన్నీ వేరుచేసే ఇలాంటి పరీక్షలను రూపొందించిన తొలి బృందాల్లో ఒకదానిలో లూయిస్ వాన్ ఆన్ అనే గ్వాటెమాలా దేశస్థుడు ఉన్నాడు. తరువాత ఆయనే మరొకరితో కలిసి డ్యుయోలింగో అనే భాషలు నేర్పే యాప్ పెట్టాడు, అది 2012లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మేము తెరిచింది అది కాదు, వేరొకటి. అయినా చదువు చెప్పేవాడూ గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడినవాడూ ఒకే మనిషి కావడం నాకు భలే నచ్చింది.

ఆఖరున ఫోను నంబరు, దానికి వచ్చే ఓటీపీ. మావయ్య అలవాటు కొద్దీ బ్యాంకుకు ఇచ్చిన నంబరే ఇచ్చారు. అది విశాఖపట్నంలో ఉన్న మా బావది. అంకెలు ఆరూ ఠంచనుగా అక్కడికి వెళ్లాయి.

"ఒరేయ్, నీ ఫోనుకు ఒక నంబరు వచ్చింది. గబగబా చెప్పు, గడువు పది నిమిషాలే."

మూడేళ్లుగా బావ ప్రతి పండక్కీ వచ్చి తండ్రికి చేస్తున్న ఉపదేశం ఒక్కటే: ఎవరు అడిగినా ఓటీపీ చెప్పకూడదు, తొందరపెట్టేవాడు కచ్చితంగా దొంగే. ఇప్పుడు సాక్షాత్తూ తండ్రి తొందరపెడుతున్నాడు.

"నాన్నా, మీ పక్కన ఎవరున్నారు?"

"ఇంగ్లీషు నేర్పేవాళ్లు."

"డబ్బులు ఏమైనా అడిగారా?"

"లేదురా, అంతా ఉచితం."

ఉచితం అన్న మాటతో బావకు అనుమానం తీరిపోయింది, ఫోను పెట్టేశాడు. తండ్రి బ్యాంకు వ్యవహారాలు తానే ఆన్‌లైన్‌లో చూస్తాడు కనుక ముందు కార్డు ఆపేశాడు. సైబరు మోసాల మీద ఫిర్యాదు చేసే 1930కి ఫోను చేయబోతూ, ఎందుకైనా మంచిదని ఎదురింటి మాస్టారికి చెప్పాడు. మాస్టారు వాళ్లావిడకు చెప్పారు. ఆవిడ అరుగు మీదికి వచ్చి చెప్పింది. మా కాఫీలు పూర్తయ్యేసరికి ఇంట్లో దొంగ పడ్డాడని నలుగురు వచ్చారు, ఒకాయన చేతిలో కర్ర. దొంగ ఏడని అడిగితే మావయ్య వేలితో నన్ను చూపించారు. సరదాకే, కానీ కర్ర ఆయనకు సరదా అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

అదే రేడియో రోజుల్లో అయితే ఇంత గొడవ లేదు. వాయిస్ ఆఫ్ అమెరికా 1959 నుంచి, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం సుమారు 1500 మాటలతోనే, నెమ్మదిగా చదివే వార్తలు ప్రసారం చేసింది. మీట తిప్పితే పాఠం ఇంట్లోకి వచ్చేది. రేడియో ఎవరినీ నువ్వు రోబోవా అని అడగలేదు.

మర్నాడు బ్యాంకులో పని ఒడియాలో మొదలై, హిందీలో నడిచి, తెలుగులో ముగిసింది. కార్డు మళ్లీ బతికింది.

బావ మాత్రం సిగ్గుపడ్డాడు. ప్రాయశ్చిత్తంగా, నాన్నకు శ్రమ ఎందుకని, యాప్‌లో ఖాతా తానే తెరిచి, స్థాయి తేల్చే పరీక్ష కూడా తానే రాసేశాడు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లను ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్ల మీద నిలబెడతారు. ఏబీసీడీల దగ్గర ఉన్న మావయ్యను ఆ పరీక్ష సీ1 మీద, అంటే పైనుంచి రెండో మెట్టు మీద కూర్చోబెట్టింది.

మొదటి పాఠం తెరిచాం. సూటు వేసుకున్న ఆయన, జుట్టు ముడి వేసుకున్న ఆవిడ బల్లకు అటూ ఇటూ కూర్చుని వడ్డీ రేట్ల మీద వాదించుకుంటున్నారు. ఒక్కరూ గొంతు పెంచరు, ఒక్కరూ తగ్గరు. ఏ1కు మార్పిద్దామని నేను చేయి చాపితే మావయ్య ఫోను వెనక్కి లాక్కున్నారు.

"ఉండమ్మా, ఇదే కదా నాకు కావలసింది" అని, వీడియో అయ్యేదాకా కన్నార్పకుండా చూశారు. "ఇద్దరిలో గెలిచింది ఎవరో చెప్పు. నేను ఆ మనిషి దగ్గరే నేర్చుకుంటాను."