సూదితో కిడ్నీ పోదు బాబాయ్

మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి ఒక మెసేజ్ ఫార్వర్డ్ చేశాడు. "బయాప్సీ పేరుతో కిడ్నీలో ముక్క కోసేస్తారు. రక్తం ఆగదు. చివరికి డయాలసిస్సే. క్రియాటినిన్ టెస్టు, స్కానింగ్ ఉండగా ఇదంతా డబ్బు కోసమే." సరిగ్గా ఆ వారమే మా తమ్ముడికి బయాప్సీ రాశారు. వాడు అది చదివి రెండు వారాలు వాయిదా వేశాడు. ఈలోగా క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు) 1.9 నుంచి 2.6కి ఎక్కింది. అందుకే ఒక్కో మాటా తీసి చూద్దాం.

"ముక్క కోసేస్తారు." కోసేదేమీ లేదు. తమ్ముణ్ణి బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, నడుం దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. ఊపిరి బిగపట్టమన్నారు. స్ప్రింగు సూది టక్‌మంది, అంతే. బయటికొచ్చిన ముక్క సేమ్యా పోగంత లావు, సెంటీమీటరున్నర పొడవు. ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడలు సుమారు 10 లక్షలుంటాయి. అలాంటి రెండు పోగుల్లో వచ్చేవి ఏ ఇరవయ్యో ముప్పయ్యో.

"రక్తం ఆగదు." దీన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయను. గుండె పంపే రక్తంలో ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. 1951లో కోపెన్‌హాగన్ డాక్టర్లు ఐవర్సన్, బ్రూన్ ఈ పద్ధతి గురించి రాసిన కాలంలో కిడ్నీ ఎక్కడుందో అంచనా వేసుకుని గుచ్చాల్సి వచ్చేది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెర మీద సూది మొనను చూస్తూ, పెద్ద రక్తనాళాలకు దూరంగా, కిడ్నీ కింది అంచులోకి పంపుతారు. 2020లో లక్షా 18 వేల బయాప్సీలను కలిపి లెక్క తీశారు. మూత్రం ఎర్రగా వచ్చినవి 3.5 శాతం, రక్తం ఎక్కించాల్సి వచ్చినవి 1.6 శాతం, ప్రాణం పోయినవి 0.06 శాతం. సున్నా కాదు. అందుకే అసలు జాగ్రత్తంతా సూదికి ముందూ వెనకా ఉంటుంది. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే టెస్టు చూస్తారు. ఆస్పిరిన్ లాంటి మందులు వాడుతుంటే, గుండె డాక్టరును అడిగి, కొన్ని రోజుల ముందే ఆపిస్తారు. బీపీ 140/90 లోపు ఉండాలంటారు. తమ్ముడికి ఆ రోజు టెన్షన్‌తో 170 దాటింది. డాక్టరుగారు సూది ముట్టుకోలేదు. రెండు రోజులు మందులిచ్చి, దిగాకే చేశారు. తర్వాత ఆరు గంటలు వెల్లకిలా పడుకోవాలి. ప్రతిసారీ మూత్రం సీసాలో పట్టి కిటికీ గట్టు మీద వరసగా పెట్టించి, నర్సమ్మ రంగులు పోల్చి చూసేది. సాయంత్రానికే ఇంటికి పోదామని మేం గొడవపెట్టాం కానీ, తప్పు మాదే. 2004లో 750 మందిని గమనించిన ఒక అధ్యయనం ప్రకారం 8 గంటలకే పంపేస్తే మూడో వంతు ఇబ్బందులు ఇంటికెళ్లాకే బయటపడతాయి.

"చివరికి డయాలసిస్సే." గొడుగు తీసినందుకే వాన పడిందన్నట్టుంది. అప్పటికే కిడ్నీ దెబ్బతింటున్న వాళ్లకే కదా బయాప్సీ రాసేది.

"టెస్టు, స్కానింగ్ చాలు." క్రియాటినిన్ కిడ్నీ పనితీరు ఎంత తగ్గిందో చెప్తుంది. స్కానింగ్ సైజూ, వాపూ, రాళ్లూ చూపిస్తుంది. ఎందుకు తగ్గిందో చాలాసార్లు రెండూ చెప్పలేవు. లూపస్‌లో (ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు) కిడ్నీ దెబ్బతింటే ఏ మందు, ఎంత ఘాటుగా వాడాలన్నది బయాప్సీలో కనిపించే జబ్బు తరగతిని బట్టే ఉంటుంది. షుగర్ ఉన్న మనిషి కిడ్నీలో షుగర్‌తో సంబంధం లేని జబ్బు దొరకడమూ ఉంది.

"డబ్బు కోసమే." అలాగైతే అందరికీ చేసేవాళ్లు. నెఫ్రోటిక్ వాపుతో (మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్లు వాచడం) వచ్చే చిన్నపిల్లలకు మామూలుగా ముందు స్టెరాయిడ్ ఇచ్చి చూస్తారు. మెంబ్రేనస్ అనే, కిడ్నీ జల్లెడల పొర మందమయ్యే జబ్బును చాలామందిలో ఒక రక్తపరీక్షతోనే పట్టేస్తున్నారు. కుంచించుకుపోయిన కిడ్నీ జోలికి సాధారణంగా పోరు.

మెసేజ్ రాసినవాడు భయపెట్టే బదులు ఒక పనికొచ్చే ప్రశ్న నేర్పాల్సింది: "ఇమ్యునోఫ్లోరసెన్స్‌కు ముక్క విడిగా తీస్తున్నారా?" జల్లెడల్లో పేరుకున్న రోగనిరోధక ప్రోటీన్లను వెలిగించి చూపే పరీక్ష అది. తీసిందంతా ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే రసాయనం) పడేస్తే ఆ పరీక్ష సరిగా రాదు. తమ్ముడి రెండో పోగును వేరే సీసాలో వేశారు. ఐజీఏ నెఫ్రోపతి (ఐజీఏ అనే ప్రోటీన్ కిడ్నీ జల్లెడల్లో పేరుకునే జబ్బు) అని తేలింది ఆ సీసాలోంచే. లేకపోతే మళ్లీ బోర్లా పడుకోవాల్సి వచ్చేదేమో.