ఏకై వచ్చి మేకైన కణం మీద ఫిర్యాదు

గర్భాశయంలో శాంతిభద్రతలు అడుగంటాయని విచారంతో మనవి చేస్తున్నాను. ఫలదీకరణ జరిగి వారం తిరిగేసరికి, ఆవగింజంతైనా లేని కణాల బంతి ఒకటి వచ్చి లోపలి గోడకు అతుక్కుంటుంది. దాని పైపొర కణాల పేరు ట్రోఫోబ్లాస్ట్. సగం జన్యువులు తండ్రివి, అంటే ఆ ఒంటికి బొత్తిగా పరాయివి. అయినా అడిగేవాడు లేడు.

వీటిలో కొన్ని గుంపు విడిచి గోడలోకి దిగుతాయి. ఇంటెగ్రిన్లనే పట్టుకొక్కేల్లో ఆల్ఫా-6 బీటా-4 రకాన్ని విడిచిపెట్టి, కొత్తచోట పట్టు దొరకడానికి ఆల్ఫా-5 బీటా-1, ఆల్ఫా-1 బీటా-1 రకాలను తగిలించుకుంటాయి. అడ్డొచ్చిన కొలాజెన్‌ను ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 అనే ఎంజైములతో కత్తిరించేస్తాయి. వేషం మార్చి, పలుగు పట్టుకుని వచ్చినవాడిని ఇంకెక్కడైనా ఏమంటారో తమకు తెలియనిది కాదు.

కాపలా లేదా అంటే, ఉంది. తొలి నెలల్లో అక్కడి తెల్లరక్తకణాల్లో దాదాపు 70 శాతం సహజ హంతక కణాలే. పేరులో హంతకం ఉంది గానీ చేతల్లో లేదు. వచ్చినవాడు హెచ్‌ఎల్‌ఏ-జి అనే గుర్తింపు కార్డు చూపగానే మెత్తబడతాయి. అంతటితో ఊరుకోక, తల్లి రక్తనాళాలను వదులు చేసే పనిలో తామూ చెయ్యేస్తాయి. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇక గొట్టాల సంగతి. మెలికలు తిరిగిన ధమనుల మూతుల్లో ఈ కణాలు ముందు బిరడాల్లా కూర్చుంటాయి. సుమారు పది వారాల దాకా లోపలికి ఆక్సిజన్ అరకొరగానే అందుతుంది. ఆ తర్వాత బిరడాలు వదులవుతాయి. ఈలోగా నాళాల కండర పొరను ఊడబెరికి, వెడల్పాటి మెత్తని గొట్టాలుగా మార్చే పనీ సాగుతుంటుంది. ముందు మూసి, తర్వాత వెడల్పు చేయడం! ఏ కాంట్రాక్టరు దగ్గర నేర్చాయో విచారించాలి.

వెంటనే నిషేధించండి అని రాయబోయి ఆగాను. ఈ తవ్వకం లోతు చాలకపోతే నాళాలు ఇరుకుగానే మిగులుతాయి. 20 వారాలు దాటాక తల్లికి బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా కేసుల్లో చాలావాటికి, ముఖ్యంగా తొందరగా మొదలయ్యేవాటికి, మూలం అక్కడే కనిపిస్తుంది. పోనీ స్వేచ్ఛ ఇద్దామా? పాత సిజేరియన్ మచ్చ మీద, డెసిడువా అనే గర్భాశయపు లోపలి పొర సరిగా లేనిచోట, ఈ కణాలతో ఏర్పడే మాయ కండరంలోకి దిగబడిపోతుంది. కాన్పయ్యాక ఊడిరాదు, రక్తం ఆగదు.

అంటే గీత గీసేది వచ్చినవాడి మర్యాద కాదన్నమాట. టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్‌తో నెమ్మది చేసేదీ, టింప్ అనే ప్రొటీన్లతో ఆ కత్తెరలకు తాళం వేసేదీ చాలావరకు తల్లి డెసిడువాయే. విత్తనం ఘనత గురించి ఉపన్యసించే పెద్దమనుషులు తల్లిని ఊరికే పడున్న నేల అంటుంటారు. ఆ నేల మాత్రం అతిథి జాడ లేని నెలలోనూ గోడలు సిద్ధం చేసి, కాపలా పెట్టి, ఎవరూ రాకపోతే అన్నీ విప్పేసి మళ్లీ మొదలుపెడుతోంది.

ఫిర్యాదు ఎవరి మీద పెట్టాలో తేల్చుకున్నాక సంతకం చేసి పంపుతాను.