ప్రతిజ్ఞలోనే ఉన్న విలువలు
హైస్కూలు విద్యార్థులు పాటించవలసిన విలువలను ప్రతి తరగతి గోడపైనా రాయించాలని ఒక వ్యాసకర్త చేసిన సూచన మంచిదే కానీ, అలాంటి పాఠం మన బడుల్లో ఏనాటి నుంచో ఉంది. నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా తెలుగులో రాసిన ప్రతిజ్ఞనే నేటికీ దేశమంతటా పిల్లలు ప్రార్థన వేళ చేయి చాచి చెబుతున్నారు. పెద్దలపట్ల మర్యాదతో పాటు జంతువులపట్ల దయను కూడా ఆయన అందులో చేర్చడం నాకెంతో నచ్చుతుంది. అయితే పిల్లలు దాన్ని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి వరుసల్లో తరగతులకు వెళ్లిపోతారే తప్ప, వీధికుక్కపై రాయి విసిరిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని ఆ వాక్యం గురించి మాట్లాడే ఉపాధ్యాయులు అరుదు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది కనుక, బడి పిల్లలకు ఇవ్వవలసిన ఆ హామీని కూడా అదే గోడపై రాయించాలని కోరుతున్నాను.